నిన్న ఎట్లుండె

తల ఎలా ఊపాలో నేను ఆరో తరగతిలోనే నేర్చుకున్నాను. కడపలో మా లెక్కల అయ్యవారు పాఠం ముగించి ఒకసారి తరగతంతా కలయజూసేవారు. ఎవరి మొహం తెల్లబోయి ఉంటే వాళ్లను బోర్డు దగ్గరికి పిలిచేవారు. గబగబా తలూపేవాళ్లను అంతకంటే ముందు పిలిచేవారు. అందుకని కళ్లు కొంచెం చిన్నవి చేసి, పెదవులు బిగించి, విషయం ఇప్పుడే లోపలికి దిగిందన్నట్టు నిదానంగా రెండుసార్లు ఊపాలి. ఆ ఒడుపు నాకు బాగా పట్టుబడింది. పదో తరగతి అయ్యేదాకా నన్ను ఒక్కసారి కూడా బోర్డు దగ్గరికి పిలవలేదు.

ఆ విద్యే నన్ను ఇంజనీరింగు గట్టెక్కించింది. చివరికి మాదాపూర్‌లో ఆ విద్యే నా కొంప ముంచిందని రాయాలని ఉంది కానీ, అది అబద్ధమవుతుంది. మునిగింది నా కొంప కాదు.

తొంభైల చివరి మాట ఇది. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లు తేదీ మరిచిపోయి ఆగిపోతాయని లోకమంతా హడలిపోతున్న రోజులు. ఆ హడలే మాలాంటివాళ్లకు ఉద్యోగాలిచ్చింది. మాదాపూర్‌లో గుండ్రటి అద్దాల భవనం అప్పుడే కొత్తగా లేచి నిలబడింది. దాన్ని చూడటానికి ఊళ్లనుంచి జనం వచ్చేవారు. మా ఆఫీసు అందులో కాదు, దాని ఎదురుగానూ కాదు. పెద్దరోడ్డు దిగి మట్టిదారిలో పోతే ఒక ఇంటి రెండో అంతస్తులో ఉండేది. ఇంటి ఓనరమ్మ మా మెట్లమీద వడియాలు ఆరబెట్టుకునేది. వాటిని తొక్కకుండా దాటుకుంటూ వెళ్లి మేము విదేశీ కంపెనీల తేదీలు సరిచేసేవాళ్లం.

చుట్టూ అన్నీ బండలే. రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకు ఎక్కడో ఒకచోట పేల్చేవాళ్లు. ముందు ఎవరో పొడుగ్గా ఈల వేసేవాడు. ఈల ఆగాక పేలుడు ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఒక్కోసారి వెంటనే, ఒక్కోసారి అన్నం సగం తిన్నాక. మిగతావాళ్లు మామూలుగా తినేవాళ్లు. నేను మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని, అది పేలేదాకా నోట్లో పెట్టుకోలేకపోయేదాన్ని. నా భయం సంగతి ఇక్కడే చెప్పేస్తే మంచిది. నేను చీకటికీ దయ్యాలకూ భయపడను. ఎవరైనా నావైపు చూసి, నేను చెప్పబోయే మాటకోసం ఎదురుచూస్తే మాత్రం నాకు కాళ్లు చల్లబడతాయి.

ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆరు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. ఆదివారం పొద్దున మూసాపేటలో ఎస్టీడీ బూతు నుంచి ఇంటికి ఫోన్ చేస్తే నాన్న మొదటి ప్రశ్న అదే.

“ఏమ్మా, ఖాయం చేసినారా?”

“ఇంకా లేదు నాయనా. చేస్తారు.”

“చేయకుంటే సామాను సర్దుకొని వచ్చేయ్. ఉద్యోగముంటే సరే. లేకుండా ఆ ఊర్లో ఒక్కదానివి ఉండేదొద్దు.”

నాన్న కఠినుడేం కాదు. నన్ను పంపడానికి మా పెదనాన్నలతో తగువు పెట్టుకున్నవాడు. ఆయన పెట్టిన షరతు అదొక్కటే. కానీ నాకు వెనక్కి వెళ్లాలని లేదు. మూసాపేటలో మేడమీద ఒక చిన్న గది కిరాయికి తీసుకున్నాను. పైన రేకులు, ఎండాకాలం పెనంలా కాలేది. మా ఇంట్లో పదిమందిమి ఉండేవాళ్లం, ఎవరు ఎప్పుడైనా ఏ గదిలోకైనా వచ్చేవారు. ఇక్కడ నా గదికి నేనే తాళం వేసుకుని, నేనే తీసుకునేదాన్ని. ఆ తాళంచెవి బస్సులో కూడా గుప్పిట్లో పట్టుకుని ఉండేదాన్ని. అది పోతుందేమోనన్నదే ఆ ఆరు నెలలూ నా భయం.

రెండో నెలలో మేనేజర్ గారు మా తొమ్మిదిమందినీ పిలిచారు. ఆయనది కాకినాడ వైపు. ఎవరినైనా మీరు అనే అనేవారు, చివాట్లు కూడా అండీ అనే పెట్టేవారు.

“జపాన్ క్లయింట్ దొరికేలా ఉందండి. మూడు నెలల్లో వాళ్ల మనుషులు వచ్చి మనవాళ్ల స్పీకింగ్ చూస్తారు. వాళ్లు ఓకే అంటే మీ కన్ఫర్మేషన్లు ఇచ్చేద్దాం. లేదనుకోండి, అప్పుడు నా చేతిలో ఏమీ ఉండదు.”

మరుసటి సోమవారం నుంచి రోజూ పొద్దున ఏడింటికి క్లాసు. పాఠం చెప్పడానికి జపాన్ మనిషి వస్తాడేమోనని ఇస్త్రీ బట్టలు వేసుకుని వెళ్లాం. వచ్చింది జీడిమెట్ల నుంచి ఒక సారు. అక్కడ ఒక మందుల ఫ్యాక్టరీలో మెషీన్లు చూసుకునేవాడు. ఆ మెషీన్లు బిగించడం నేర్చుకోవడానికి ఫ్యాక్టరీ ఆయన్ను జపాన్‌కు పంపితే, మూడేళ్లు అక్కడే ఉండి వచ్చాడు. పుట్టింది నార్సింగిలో. నైట్ డ్యూటీ దిగి, స్కూటర్ మీద నేరుగా మా దగ్గరికి వచ్చేవాడు. కళ్లు ఎర్రగా ఉండేవి. చొక్కాకు ఏదో ఘాటైన మందు వాసన వచ్చేది. వడియాల మెట్లెక్కి, సుద్దముక్క తీసుకుని, జపనీస్‌ను నార్సింగి తెలుగులో చెప్పేవాడు.

“పరేషాన్ గాకుండ్రి. నేను గూడ మీ లెక్కనే ఏం రాకుండ పోయిన. కార్ఖానాల నేర్చుకున్న. మీరైతే సదువుకున్నోళ్లు.”

ఆయన పాఠం నాకు ఇప్పటికీ మాటమాటగా గుర్తుంది. మొదటివారంలో ఒకరోజు బోర్డు మీద చలి అనే మాట రాశాడు. జపనీస్‌లో సముయి.

“మన దాంట్ల ఇయ్యాల చలి ఉన్నది, నిన్న చలి ఉండె అంటం. చలికేం కాలే. పక్కనున్న మాట మారింది. ఆళ్ల దాంట్ల గట్ల గాదు. చలే మారిపోతది. సముయి చివర ఇకారం ఉన్నది సూడుండ్రి, అది తోక. తోక కోసెయ్. ఆడ కత్తా అతికెయ్. సముకత్తా. నిన్న చలి ఉండె. ఐపాయె.”

తర్వాత వరసగా రాశాడు. తకాయి అంటే ఎత్తు, తకాకత్తా. ఒయిషీ అంటే రుచి, ఒయిషికత్తా. ఈ అనే మాటకు మంచి అని అర్థం, అదొక్కటి మొండిది, యోకత్తా అవుతుంది. కొవాయి అంటే భయం, కొవాకత్తా.

“ఇంకో తీరు మాటలున్నయి. వాటికి తోకలుండయి. షిజుకా, అంటే నిమ్మళం. దీన్నేం కొయ్యొద్దు, పక్కన దెషిత పెడితే సాలు. షిజుకా దెషిత. నిమ్మళంగ ఉండె. ఇగ కిరేయి అని ఒకటున్నది, అందం. దానికి తోకున్నట్టే కొడతది గని అది తోక గాదు. జర సూసుకోవాలె. సమజైందా?”

తొమ్మిది తలలు ఊగాయి. నాది నిదానంగా, రెండుసార్లు.

అర్థం కాలేదు. దేనికి తోక ఉందో, దేనికి లేదో ఆ రోజే నా బుర్రలో కలగాపులగమైపోయింది. సార్ చెప్పలేదని కాదు. బోర్డు మీదున్నదంతా అక్షరం పొల్లుపోకుండా నా నోటుబుక్కులోకి ఎక్కింది. తలలోకి ఎక్కలేదు. అడుగుదామని నోరు తెరిచేలోగా మిగతా ఎనిమిదిమంది తలలూ ఊగడం చూశాను. నేనొక్కదాన్నే తెలివితక్కువదాన్ననుకున్నాను. వాళ్లలో ఆరుగురు కూడా నా తలను చూసే ఊపారని చాలాకాలం తర్వాత వాళ్లలోనే ఒకామె చెప్పింది.

సార్‌కు ఒక పద్ధతి ఉండేది. రోజూ క్లాసు మొదట్లో ఒక్కొక్కరినే లేపి, “కినో వా దో దెషిత కా?” అని అడిగేవాడు. నిన్న ఎట్లుండె, అని. ఏదో ఒక మాట చెప్పి కూర్చోవాలి. నిన్న ఎండగా ఉండింది, సినిమా బాగుండింది, కూర కారంగా ఉండింది. మాట్లాడటం అలాగే వస్తుందని ఆయన నమ్మకం. నేను మాత్రం ఏడింటి నుంచి నా వంతుకు ఇంకా ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. మొదటివారమే ఒక వాక్యం బట్టీ పట్టి పెట్టుకున్నాను. కినో వా ఇసొగషికత్తా దెస్. నిన్న తీరికే లేదు అని. రోజూ అదే అప్పజెప్పి కూర్చునేదాన్ని.

మూడోవారంలో సార్ నవ్వాడు. “రోజు బిజీయేనా బిడ్డా నువ్వు? ఐతారం నాడు గూడ బిజీయేనా?”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వేరే వాక్యం చెప్పమంటాడేమోనని చెమటలు పట్టాయి కానీ, ఆయన పక్కనున్నామెను లేపాడు. ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టలేడు ఆయన. పెట్టి ఉంటే బాగుండేది.

ఒకరోజు చొక్కా చేతులు మడిచి తన కుడిచేయి చూపించాడు. మోచేతి కింద చర్మం నున్నగా, గులాబీ రంగులో, ముడుచుకుపోయి ఉంది.

“ఇగో, ఇది సూడుండ్రి. నేను జపాన్ పోయిన కొత్తల మా ఫోర్మన్ ఏం జెప్పినా హాయ్ హాయ్ అని తలకాయ ఊపేటోన్ని. హాయ్ అంటే అవును. ఒక దినం వాల్వు బంద్ జేసినవా అని అడిగిండు. నాకు సమజ్ గాలే. హాయ్ అన్న. పైపు ఇప్పిండ్రు, ఆవిరి వచ్చి గిక్కడ కొట్టింది. గా ఫోర్మన్ దవాఖానల నా మంచం కాడ కూసొని ఏడ్సిండు, నేనే సరిగ జెప్పలేదు అని. అందుకే అంటున్న. సమజ్ గాకుంటే కాలేదని చెప్పుండ్రి. నేనేమన్న కొడతనా? చెప్తరు గదా?”

మేమేం చేశాం? అందరం తలూపాం.

రెండున్నర నెలలకు రాత పరీక్ష పెట్టారు. పట్టికలు నింపాలి. అసలు మాట ఒక గడిలో, గడిచిన కాలానిది పక్క గడిలో. పట్టిక నాకు ఫోటోలాగా కళ్లముందు ఉండేది. ఎందుకు అలా మారిందో తెలియకపోయినా ఏ గడిలో ఏముందో తెలుసు. అందరికంటే ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి. సార్ సంబరం చూడాలి. తన జేబులోంచి పల్లీపట్టి తీసి నా బల్లమీద పెట్టాడు. మేనేజర్ గారు మెచ్చుకుని, “వాళ్లు వచ్చినప్పుడు మీరే ఫస్ట్ కూర్చోవాలండీ. బోణీ మంచిదవుతుంది” అన్నారు.

ఆ మాట విన్న క్షణం నుంచి నాకు తిండి సయించలేదు. వాళ్లు రావడానికి పది రోజులుంది. బస్సులో, బకెట్లో నీళ్లు నిండేటప్పుడు, వంట చేసేటప్పుడు మాటలు తీసుకుని తోకలు కోసేదాన్ని. ఒకసారి అన్నిటికీ కత్తా వచ్చేది, ఒకసారి అన్నిటికీ దెషిత వచ్చేది. నోటుబుక్కు తెరిస్తే అన్నీ తెలిసినట్టే ఉండేది, మూస్తే ఏమీ ఉండేది కాదు. అద్దం ముందు కూర్చుని నన్ను నేనే నిన్న ఎట్లుండె అని అడిగితే, అద్దంలోని మనిషికీ నోరు పెగల్లేదు. పడుకునేముందు తాళంచెవి దిండుకింద పెట్టుకోవడం మొదలుపెట్టాను.

ఆదివారం నాన్న అడిగాడు. “ఎప్పుడంట?”

“ఈ శుక్రవారం తెలుస్తాది నాయనా.”

“నీకేం, బాగా చదివేదానివి. ఎందుకు గొంతు వణుకుతాంది?”

“లైను బాగలేదు” అని పెట్టేశాను.

బుధవారం క్లాసయ్యాక నేను ఆగిపోయాను. సార్ కిందికి దిగి స్కూటర్ స్టాండు తీస్తున్నాడు. మెట్లు దిగి ఆయన పక్కన నిలబడ్డాను. నాకు మొదటి పాఠం నుంచీ ఏమీ అర్థం కాలేదని చెప్పడానికే వెళ్లాను. నోట్లో వాక్యం కూడా తయారుగా ఉంది. చెప్తే ఆ రోజూ మరునాడూ కూర్చోబెట్టి నేర్పేవాడు. డ్యూటీ మానుకునైనా నేర్పేవాడు, అలాంటి మనిషి.

“ఏంది బిడ్డా?”

రాత్రంతా మేల్కొన్న కళ్లతో ఆయన నవ్వుతూ చూశాడు. నా మాటకోసం ఎదురుచూస్తున్నాడు. నా కాళ్లు చల్లబడ్డాయి.

“ఏం లేదు సార్. రేపు క్లాసుందా?”

“రోజు ఉంటది గదా! నువ్వేం ఫికర్ చెయ్యకు. నీ గురించే నాకు ఫికర్ లేదు” అని స్కూటర్ ఎక్కి వెళ్లిపోయాడు.

శుక్రవారం వాళ్లిద్దరూ వచ్చారు. ఒకాయన పెద్దవాడు, నెరిసిన జుట్టు. ఇంకొకాయన కుర్రవాడు, చిన్న పుస్తకం పట్టుకుని ఏదో ఒకటి రాస్తూనే ఉన్నాడు. ఇద్దరూ మెట్ల కింద ఆగి, వడియాలకు కూడా దండం పెట్టినంత మర్యాదగా వంగి పైకొచ్చారు. మేనేజర్ గారి చొక్కా వీపంతా తడిసిపోయింది. జీడిమెట్ల సారు కూడా ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, ముంజేతి దాకా బిగించిన గుండీలు. తలుపు దగ్గర గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నేను లోపలికి వెళుతుంటే కళ్లతోనే ధైర్యం చెప్పాడు.

కూర్చున్నాను. పెద్దాయన మెల్లగా, తియ్యగా ఏదో అన్నాడు. చాలా పొడుగు వాక్యం. చివర దో దెషిత కా అని వినిపించింది. మూడు నెలలు రోజూ విన్న ప్రశ్నే. దేని గురించి అడుగుతున్నాడో తెలియలేదు. చెవుల్లో హోరు. నేను కళ్లు చిన్నవి చేసి, పెదవులు బిగించి, నిదానంగా రెండుసార్లు తలూపాను.

“హాయ్” అన్నాను.

ఆయన ఎదురుచూశాడు. మళ్లీ అడిగాడు, ఇంకా మెల్లగా. నేను మళ్లీ తలూపాను. హాయ్. కుర్రాయన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. గోడ గడియారం వినిపిస్తోంది. మేనేజర్ గారు నవ్వుతూనే ఉన్నారు కానీ ఆ నవ్వు మొహానికి అతికించినట్టుగా ఉంది.

“కినో వా ఇసొగషికత్తా దెస్” అన్నాను. నా దగ్గరున్నది అదే.

పెద్దాయన కనుబొమలు ముడిచి, తర్వాత సర్దుకుని, పాపం నన్ను ఆదుకోవాలనే చూశాడు. ఎందుకు తీరిక లేదని అడిగాడనుకుంటాను. నేను తలూపాను. చివరికి ఆయన తన ముందున్న కాఫీకప్పు ఎత్తి చూపించి, నావైపు చేయి చాపి, పసిపిల్లను అడిగినట్టు ఒక్కొక్క మాటే విడదీసి అడిగాడు. పొద్దున నువ్వు తాగినది ఎలా ఉండింది?

అది అర్థమైంది. జీవితంలో మొదటిసారి, బట్టీ పట్టని ఒక జపనీస్ వాక్యం నాకు అర్థమైంది. రుచి, రుచి అనుకున్నాను. తోకా? కాదా?

“ఒయిషీ దెషిత” అన్నాను, తోక కోయకుండా.

తలుపు దగ్గర సార్ కళ్లు మూసుకున్నాడు. ఆ మూసుకోవడం నేను చూశాను. పెద్దాయన వంగి, ఎంతో మర్యాదగా థాంక్యూ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు. బయటికొచ్చి తొట్టి దగ్గర మొహం కడుక్కున్నాను.

తర్వాత ఎనిమిదిమందీ వెళ్లారు. ఇద్దరు కాస్త మాట్లాడారు. మిగతావాళ్లు నాలాగే హాయ్ హాయ్ అని వచ్చేశారు. జపాన్‌వాళ్లను భోజనానికి తీసుకెళ్లేముందు మేనేజర్ గారు నన్ను తన గదిలోకి పిలిచారు. ముందు నన్నే. బల్లమీద మా తొమ్మిదిమంది పేర్లు టైపు చేసిన కాగితం ఉంది. నా పేరు పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం ఉంది. తలకిందులుగా చూసినా ఆ గుర్తు తెలిసిపోతుంది.

“రిటెన్‌లో ఫస్ట్ వచ్చారు కదండీ మీరు? మరి ఏమైంది? కిందికెళ్లి వాళ్లకు నేను ఏదో ఒకటి చెప్పాలి కదా.”

ఆయన ఆ కాగితం అంచును మడుస్తూ, విప్పుతూ ఉన్నారని అప్పుడు గమనించాను. ఆయన ఉద్యోగమూ ఆ కాగితంమీదే ఉందేమో. నాకు తెలియదు.

“ఆ సారు మీకు రాయడమే చెప్పారా? మాట్లాడటం ప్రాక్టీస్ చేయించలేదా?”

బయట బండల దగ్గర పొడుగ్గా ఈల వేశారు. నేను పేలుడు కోసం బిగుసుకుపోయి కూర్చున్నాను. ఆయన నావైపే చూస్తున్నారు. ఎదురుచూస్తున్నారు. గుప్పిట్లో తాళంచెవి చెమటకు తడిసి జారిపోతోంది. ప్రశ్న ఏమిటో నాకు బాగా తెలుసు. ఈసారి అర్థం కాలేదన్న వంక కూడా లేదు.

నేను తలూపాను. నిదానంగా, రెండుసార్లు.

“చేయించలేదన్నమాట” అని ఆయన ఊపిరి పీల్చుకున్నారు. పెన్సిలు తీసి, నా పేరు పక్కనున్న గుర్తు రబ్బరుతో చెరిపేశారు. తర్వాత ఒక్కొక్కరినే పిలిచి, సార్ మాట్లాడించలేదటగా అని అడిగారట. అడిగిన తీరులోనే జవాబు ఉంది కాబట్టి అందరూ తలూపారు. నేను బల్ల దగ్గరికి వచ్చి టిఫిన్ డబ్బా తెరిచాక ఎప్పుడో బండ పేలింది.

సోమవారం క్లాసు లేదు, సార్‌ను ఇక రావద్దన్నారు. జపాన్‌వాళ్లకు ట్రైనింగ్‌లో లోపం జరిగిందనీ, కొత్త టీచర్‌ను పెట్టి మూడు నెలల్లో సరిచేస్తామనీ చెప్పి మేనేజర్ గారు ఒప్పించారు. మా తొమ్మిదిమందికీ గడువు పెంచారు. మనుషులు మంచివాళ్లేనండీ, పాఠం చెప్పినాయనదే లోపం అన్నారట. నాన్నకు ఫోన్ చేసి ఇంకో మూడు నెలలు పొడిగించారని చెప్పాను. సరే ఉండు, అన్నాడు. నా గది నాకు మిగిలింది. ఆ రోజు తలుపు తీసి లోపలికి వెళ్లి, గడియ పెట్టుకుని, లైటు వేయకుండా చాలాసేపు కూర్చున్నాను.

రెండువారాలకు ఒక సాయంత్రం మూసాపేట బస్‌స్టాపులో దిగితే సార్ కనిపించాడు. స్కూటర్ చెడిపోయిందట, జీడిమెట్ల బస్సు కోసం నిలబడ్డాడు. చేతిలో డ్యూటీకి పట్టుకెళ్లే టిఫిన్ డబ్బా, చంకలో మా క్లాసుకు తెచ్చే పాత నోటుబుక్కు. తప్పించుకుందామనుకున్నాను. ఆయనే పిలిచాడు.

“ఏమ్మా, బాగున్నవా? కొత్త సారు వచ్చిండా? మంచిగ చెప్తున్నడా?”

“వచ్చారు సార్.”

“మంచిగైంది. నేను బడి చెప్పెటోన్ని గాదు బిడ్డా, కార్ఖానా మనిషిని. గా రోజు సంది ఇదే సోచాయిస్తున్న. ఏడ తప్పు జెప్పిన్నో అని పుస్తకం మొత్తం తిరగేస్తున్న. ఇగో, ఈడ సూడు, తోకల కాడనే మిమ్మల్ని గజిబిజి చేసిన్ననుకుంట. షిజుకా ముందుగాల చెప్పి, ఎన్కసీరి సముయి చెప్పాల్సి ఉండెనా? నువ్వు సదువుకున్నదానివి, జర నిజం చెప్పు.”

నోటుబుక్కు తెరిచి నా ముందు పట్టుకున్నాడు. ఎర్ర సిరాతో కొత్తగా దిద్దుకున్నాడు. నాకు చెప్పిన పాఠాన్నే దిద్దుకుని దిద్దుకుని పేజీ అంతా ఎర్రగా చేశాడు. దవాఖానాలో మంచం పక్కన కూర్చుని ఏడ్చిన ఫోర్మన్ గుర్తొచ్చాడు. నాకు తల ఊపాలో వద్దో తెలియలేదు.

“మీరు సరిగ్గానే చెప్పారు సార్. రోజూ మాట్లాడించారు. నాకే ఎక్కలేదు. ఎక్కలేదని మీకు చెప్పలేదు. మేనేజర్ గారు మీరు మాట్లాడించలేదా అని అడిగితే, లేదని నేనే తలూపాను. ముందు నేనే.”

సార్ నోటుబుక్కు మూశాడు. కోపం వస్తుందనుకున్నాను. వస్తే బాగుండుననుకున్నాను. ఆయన రోడ్డువైపు చూశాడు.

“ఎందుకు బిడ్డా?”

“భయమేసింది సార్.”

జీడిమెట్ల బస్సు మలుపు తిరిగి వస్తోంది. ఆయన టిఫిన్ డబ్బా చేయి మార్చుకుని, మూడు నెలల అలవాటు కొద్దీ కాబోలు, నావైపు తిరిగి, “జపనీస్ల చెప్పు” అన్నాడు.

“కొవాకత్తా దెస్.”

ఆలోచించలేదు. తోక ఏదో వెతుక్కోలేదు. దానంతటదే వచ్చింది. సార్ మొహంలో ఒక్క క్షణం నాకు పల్లీపట్టి ఇచ్చిననాటి సంబరం కనిపించింది.

“సహీ” అన్నాడు. “ఇగో, ఇప్పుడు సమజైంది నీకు.”

బస్సెక్కాడు. నిలబడే చోటు కూడా లేదు, ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ వెళ్లాడు.

ఆ రాత్రి నిర్ణయించుకున్నాను. మరునాడు ఆఫీసుకు త్వరగా వెళ్లాను. వడియాలు దాటుకుని మెట్లెక్కి, మేనేజర్ గారి తలుపు తట్టి, లోపలికి వెళ్లాను. చెప్పాల్సిన వాక్యం నోట్లో తయారుగా ఉంది, జీడిమెట్ల సార్ మాకు అన్నీ నేర్పారండి, తప్పు నాది అని. ఆయన ఏదో కాగితం చదువుతూ తలెత్తి నావైపు చూశారు. ఎదురుచూశారు.

“ఏమండీ, కొత్త క్లాసు బాగుందా? ఈయన ముందాయనకంటే నయమేనా?”

నేను తలూపాను. వచ్చి నా సీట్లో కూర్చున్నాను.